పక్కింటి పొగకు జవాబు

కృత్తిక కార్తె, రెండో పాదం

పొద్దున్నే పొగ పసిగట్టే ముక్కు మోగింది. తాయారు ఆవపిండి జల్లిస్తోంది. వంటింటి తలుపు వేసుకోమని చెబుతూనే ఉన్నాను, వింటేనా! కప్పుకు బోర్లించినట్టుండే ఆ తెల్ల చిప్పలోకి పిండి కాస్త ఎగిరిందో లేదో, ఇల్లంతా కీచుమని గోల పెట్టింది.

ఇద్దరం హాలు గోడ మీది పలక వైపు చూశాం. మా పొగకు మేం జవాబు చెప్పకూడదు, పక్కింటివాళ్ళు చెప్పాలి. తాయారు చేతులు దులుపుకునే లోపే మోత ఆగిపోయింది. పలకలోంచి నూకరత్నం పిన్నిగారి గొంతు వినిపించింది.

"ఆవకాయేనా తల్లీ? ఇంటిపొగని నొక్కేశాను."

"ఆయ్, ఆవకాయేనండి. మీ జాడీ వేరేగా తీసి ఉంచుతాను లెండి."

"మీ బాబాయిగారికి కారం పడి చావదు కదమ్మా. కాస్త బెల్లం ఆవకాయ పెట్టు."

"బెల్లం ఆవకాయ తినేవాళ్ళు కూడా మొగాళ్ళేనా పిన్నిగారూ!" అంది తాయారు. గోడ అవతల బాబాయిగారు దగ్గుతూ నవ్వడం వినిపించింది.

తాయారు నా తోడికోడలు, మా మరిది భార్య. అన్నదమ్ములిద్దరూ సముద్రం ఒడ్డున చల్లనీటి గొట్టాల దగ్గర పనిచేస్తారు. ఈ మేడ ఊపిరంతా ఆ గొట్టాల మీదే నడుస్తుంది కనక ఎండాకాలమంతా వాళ్ళకక్కడే మకాం. ఉప్పుమేడ పదకొండో అంతస్తులోని ఈ ఇంట్లో మేమిద్దరమే. నేను ఇంట్లోంచే విశ్వవిద్యాలయం పిల్లలకు సంభావ్యత పాఠాలు చెబుతాను. తాయారు వరుసలోని ఎనిమిది ఇళ్ళకూ ఊరగాయలు పెడుతుంది.

రోహిణి వచ్చే లోపు ఆవకాయ అయిపోవాలి. రోహిణిలో మూత. ఇప్పుడైతే ఎండకు పగలు తలుపులు మూసి పొద్దుగూకాక తెరుస్తున్నారు. రోహిణి పెట్టాక పగలూ లేదు, రాత్రీ లేదు. మృగశిర దాకా గుమ్మం తెరుచుకోదు. ఆ రోజుల్లో ఇలా రాసుకోవడం నాకలవాటు. రాయకపోతే ఒక పూట ఇంకో పూటలో కలిసిపోతుంది.

కృత్తిక, నాలుగో పాదం

ఈ ఏడు ఎండలు ముదిరి, రోహిణి రాకముందే మూత వేసేశారు. ముందు గుమ్మం గడియలు పడ్డాయి, తర్వాత కిటికీల మీద రేకులు దిగాయి. ప్రతి ఏడూ వినే చప్పుడే. ప్రతి ఏడూ ఆ చివరి గడియ పడేదాకా నేను గుమ్మం దగ్గరే నిలబడతాను.

"అదేంటక్కా, పెళ్ళికూతురు బుట్టలో కూర్చున్నట్టు మొహం పెట్టావు," అంది తాయారు. "బియ్యం ఉన్నాయి, పప్పులున్నాయి, పన్నెండు జాడీల ఆవకాయ ఉంది. ఇంకేం కావాలి?"

"నిప్పంటుకుంటే?"

"అంటుకుంటే తెరుచుకుంటుంది."

నిజమే, తెరుచుకుంటుంది. ఎలా తెరుచుకుంటుందన్నదే నా అనుమానం. పాత ఇళ్ళలో పొగ వస్తే తలుపులు వాటంతటవే తెరుచుకునేవట. దొంగలకు అంతకంటే ఏం కావాలి? గుమ్మం కింది సందులోంచి కాస్త పొగ ఊదేవారు. ఇంట్లోవాళ్ళు దగ్గుకుంటూ మెట్లు దిగేవాళ్ళు. వీళ్ళు తీరిగ్గా సర్దుకుపోయేవారు. అందుకని ముక్కు మోగినంత మాత్రాన సరిపోదు, ఇంట్లో మనిషి నిప్పని చెప్పాలన్నారు. అప్పుడు దొంగలు మనిషి మెడ మీద కత్తి పెట్టి చెప్పించారు. ఆఖరికి పక్కింటివాళ్ళే చెప్పాలన్న నియమం వచ్చింది. ఇళ్ళను జతలు కట్టి, మధ్యగోడకు అటొకటి ఇటొకటి పలకలు బిగించారు. మాకు జత నూకరత్నం పిన్నిగారి ఇల్లు.

పలక మీద రెండు మీటలుంటాయి. పక్కింటి ముక్కు మోగితేనే వాటికి ప్రాణం వస్తుంది. మోగకపోతే ఎంత నొక్కినా ఉత్త బొత్తాలు. పచ్చది నొక్కితే ఇంటిపొగ, మోత ఆగిపోతుంది. ఎర్రది నొక్కితే నిప్పు. వరుసలో ఎనిమిది తలుపులూ ఒక్కసారి తెరుచుకుంటాయి, లిఫ్టు ఆగిపోతుంది, అందరూ ఆ ఎండవేడిలో మెట్లు దిగి నేలమాళిగకు చేరాలి. ఎవరూ ఏదీ నొక్కకపోతే ఇంటిపొగ కిందే లెక్క.

మేం ఈ మేడకు రాకముందు ఐదో అంతస్తులో ఒకావిడ రోహిణిలో ఎర్రది నొక్కిందట. తీరా చూస్తే పక్కింట్లో సాంబ్రాణి. ధర్మయ్య అనే పెద్దాయన మెట్ల మలుపులో కూలబడి మళ్ళీ లేవలేదు. ఆవిడ మేడ వదిలి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ ఇంటిని ఎర్రమీట ఇల్లనే అంటారు, పిల్లను ఇవ్వడానికి కూడా వెనకాడతారు. ఆ తర్వాత మా మేడలో ఎర్రది నొక్కిన చెయ్యి లేదు. పక్కింటి ముక్కు మోగిన మరుక్షణం పచ్చది నొక్కడమే మర్యాద. ఎంత త్వరగా నొక్కితే అంత మంచి పొరుగు. పిన్నిగారిని మించిన పొరుగు ఈ వరుసలో లేదు.

రోహిణి, మొదటి పాదం

మధ్యాహ్నం ఇద్దరం నిద్రలో ఉన్నాం. ముక్కు మోగింది. నేను లేచి కూర్చునే లోపే ఆగిపోయింది.

"పడుకున్నారేమోనని వెంటనే నొక్కేశానమ్మా," అన్నారు పిన్నిగారు పలకలోంచి. "పడుకోండి, పడుకోండి."

మళ్ళీ పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. పొయ్యి మీద ఏముంది? ఏమీ లేదు. వెళ్ళి చూశాను, పొయ్యి చల్లగా ఉంది. తాయారును లేపాను.

"నువ్వేమైనా వేయించావా?"

"నిద్దట్లోనా?"

"మరి ముక్కెందుకు మోగింది?"

"ఆవపిండి ఇంకా గాల్లో తిరుగుతూ ఉంటుందక్కా. పడుకో."

అయి ఉండొచ్చు. కాని హాల్లోకి వస్తే ఏదో వాసన. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోతే వచ్చే వాసన కాదు, దానికి ముందు వచ్చేది. తాయారు గోడ దగ్గర నిలబడి గట్టిగా పీల్చింది. ఆమెకు ఆవఘాటు తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఈ నెలంతా అంతే, ముక్కులు దిబ్బడవేసి ఉంటాయి. నాకు తెలుస్తోందా, తెలుస్తోందని అనుకుంటున్నానా? పిల్లలకు నేనే చెబుతాను: ఒక్క సాక్ష్యంతో నిర్ణయానికి రాకండి, అసలు సాక్ష్యమే లేనిదాన్ని నమ్మకండి అని. వాసనను ఏ లెక్కలో వేసుకోవాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

రోహిణి, రెండో పాదం

వాసన మధ్యాహ్నాలు వస్తోంది, చల్లటిగాలి యంత్రం గట్టిగా తిరిగేటప్పుడు. పొద్దుటిపూట ఉండదు. ముక్కు మళ్ళీ మోగలేదు.

మేడలోని ముక్కులన్నీ చూసుకునే కాపలా కచేరీకి ఫోన్ చేశాను. అవతల ఒకాయన, మర్యాదస్తుడే.

"మీ ముక్కు లెక్కలు నా ముందే ఉన్నాయండి. శుభ్రంగా ఉందండి."

"మొన్న మోగింది కదండీ. అప్పుడు ఇంట్లో ఎవరూ వండటం లేదు."

"ఇంటిపొగని మీ జత ఇంటివారు చెప్పారు కదండీ."

"ఆవిడ గోడ అవతల ఉన్నారు. ఆవిడకేం తెలుస్తుంది?"

"నియమం అదేనండి."

ఆ ముక్కు ఎలా పనిచేస్తుందో చెప్పమన్నాను. ఎవరూ అడగరేమో, ఆయన గొంతులో హుషారు వచ్చింది. చిప్ప లోపల చిన్న చీకటి గది ఉంటుందట. అందులో ఒక దీపం, ఒక కన్ను. దీపం వెలుగు కంటి మీద పడకుండా ఒకదాన్నొకటి చూసుకోని మూలల్లో పెడతారట. పొగ లోపలికి వస్తే వెలుగు చెదిరి కాస్త కంటి మీద పడుతుంది. అప్పుడు మోగుతుంది.

"మరి దుమ్ము పేరుకుంటే?"

"మంచి మాట అడిగారండి. దుమ్ము కొద్దికొద్దిగా పెరుగుతుంది కదండీ, దాన్ని అలవాటు చేసుకుంటుంది. లేకపోతే రోజూ మోగి చంపుతుంది. ఇంటిపొగని పదే పదే చెబితే అది కూడా నేర్చుకుంటుందండి. మీ ఇంట్లో ఊరగాయల పని జాస్తి అనుకుంటా. బాగా నేర్చుకుంది."

"నిప్పే కొద్దికొద్దిగా పెరిగితే?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అలా సాధారణంగా పెరగదండి. అనుమానం ఉంటే మృగశిరకు మనిషిని పంపిస్తాం. రోహిణిలో పంపరండి."

ఫోన్ పెట్టేశాక బెల్లం దిమ్మ పగలగొట్టి, ఉసిరికాయంత ముక్కలు చేసి, నాలుగు గోడలకూ తడిపి అంటించాను. తాయారు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇల్లంతా చీమలు పట్టాక కచేరీ వాళ్ళను చీమల కోసం పిలుద్దామా?"

"ఏ గోడ వేడెక్కితే ఆ గోడ మీది బెల్లం కరుగుతుంది."

"ఆ మాట ముందే చెబితే పాకం గరిటె తెచ్చేదాన్నిగా."

సాయంత్రానికి మూడు గోడల మీది ముక్కలూ అలాగే ఉన్నాయి. పిన్నిగారి వైపు గోడ మీదిది మెత్తబడి, జానెడు జారి, కింద బొట్టు కట్టింది. అది లోపలి గోడ, దానికి ఎండ తగలదు.

తాయారు నవ్వలేదు. గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. అప్పటికప్పుడే నాకు ఇంకో అనుమానం వచ్చింది. యంత్రం గాలిగొట్టం ఆ గోడలోంచే పోతుంది కదా, గొట్టమే వేడెక్కి ఉంటుందేమో అన్నాను. మా ఇంట్లో ఇలా భయమేమీ లేదని కొట్టిపారేసే మనిషి నేను కాదు, తాయారు. కాని ఆమె, "వేడెక్కితే వేడెక్కినట్టేగా, దానికి మళ్ళీ గోత్రాలడగాలా?" అంది.

రోహిణి, రెండో పాదం, మర్నాడు

ఈ రోజు మా అంతట మేమే ఉచ్చు బిగించుకున్నాం.

ముక్కు దుమ్ము పట్టి మొద్దుబారిందన్నారు కదా, విప్పి తుడిచేస్తే మళ్ళీ తెలుస్తుందని తాయారు వాదన. వినగానే నాకూ సబబే అనిపించింది. స్టూలెక్కి, కొంగుతో పట్టుకుని, చిప్పను తిప్పింది. అది ఊడి చేతిలోకి వచ్చింది. అంతే, ఇల్లు గొంతు మార్చింది. అదివరకు ఎన్నడూ వినని మగగొంతు.

"ఇంట్లో తెలియని మనుషులున్నారు."

పడకగది తలుపుకు గడియ పడింది. తర్వాత సామాను గది. విలువైనవి ఉండే గదులు దొంగకు అందకుండా ముందు వాటిని మూసేస్తుందని తర్వాత తెలిసింది. మాకు మిగిలినవి వంటిల్లు, స్నానాలగది, హాలు. ఆ గోడ ఉన్న హాలు.

తాయారు చిప్పను మళ్ళీ బిగించబోయింది. బిగిసింది గాని దానిలోని చిన్న దీపం వెలగలేదు. "తెలియని మనుషులం అట," అంది స్టూలు మీద కూర్చుని. "పన్నెండేళ్ళుగా దీనికి దుమ్ము దులిపి, పండక్కి బొట్టు కూడా పెట్టాను."

కచేరీకి ఫోన్ చేశాను. అదే మనిషి.

"మీరు మీరేనని నాకు తెలుసండి. గొంతు గుర్తుపట్టాను. కానీ మీ మెడ మీద కత్తి లేదని నాకెలా తెలుస్తుంది?"

"లేదండీ!"

"కత్తి ఉన్నా అదే చెబుతారు కదండీ. మీ ఇంట్లోంచి వచ్చే మాటేదీ ఇప్పుడు చెల్లదండి. మనిషి వచ్చి చూసి, అనుమానం తీర్చేదాకా అంతే."

"గోడ వేడెక్కుతోందండీ."

"రాసుకుంటానండి," అన్నాడు. చాలా బాధగానే అన్నాడు.

ఆయన వాదంలో తప్పెక్కడుందో అప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఒక్కో మెట్టూ సరిగ్గానే ఉంది. అన్నీ కలిపితే మేం లోపల ఉన్నాం.

రోహిణి, మూడో పాదం

నేలమాళిగలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు, నాకు అప్పుడు తెలిసినంతవరకే రాయాలి.

పొద్దున్నుంచే వాసన మొదలైంది. అంతకు ముందు మధ్యాహ్నం దాకా వచ్చేది కాదు. గోడ మీద సున్నం, పలకకు మూరెడు పక్కన, లేత గోధుమరంగు తిరిగింది. తాయారు ఈసారి తనంతట తానే అంది: "అక్కా, వస్తోంది. నాకు కూడా."

పలకలో పిన్నిగారిని పిలిచాను. అన్నీ చెప్పాను. ఆవిడ ఊకొడుతూ విన్నారు.

"ఎర్రది నొక్కమంటావా?"

"నొక్కినా పనిచెయ్యదండి. మా ముక్కు చచ్చిపోయింది. మోగితేనే కదా మీ మీటలకు ప్రాణం."

"మరైతే నన్నేం చెయ్యమంటావు సువర్చలా?"

ఆ ఆలోచన నాకు బెల్లం ముక్కను చూస్తుంటే వచ్చింది. మా ఇంటి మాట చెల్లదు. మా ఇంటి పొగ మోగదు. కాని పలక అడుగున ఒక చిన్న అక్షరాల వరుస ఇంకా వెలుగుతూనే ఉంది: *జత ఇంటికి జవాబు: సిద్ధం.* మా ఇంట్లో దొంగ ఉన్నాడని నమ్మిన ఇల్లు, పక్కింటి పొగకు జవాబు చెప్పే పని మాత్రం మా దగ్గర్నుంచి తీసుకోలేదు. ఆ నియమం రాసినవాళ్ళకు అది తట్టి ఉండదు. లేదా తట్టి, దానికింకేదో అడ్డు పెట్టి ఉంటారు. నాకు తెలియదు.

"మీ ఇంట్లో పొగ వెయ్యండి పిన్నిగారూ. ఎండుమిరపకాయలు మాడ్చండి, సాంబ్రాణి వెయ్యండి, ఏదైనా సరే. మీ ముక్కు మోగితే ఎర్రది నేను నొక్కుతాను. వరుసంతా తెరుచుకుంటుంది."



"మీ బాబాయిగారు మెట్లు దిగలేరమ్మా," అన్నారావిడ. "పదకొండు అంతస్తులు. ధర్మయ్యగారిని నేను చూశాను. అప్పుడు మాదీ ఐదో అంతస్తే. ఆ మలుపులో నేనూ ఉన్నాను."

తాయారు నన్ను పక్కకు జరిపి పలకకు నోరు దగ్గరగా పెట్టింది.

"బాబాయిగారిని నేను వీపున మోస్తాను పిన్నిగారూ. ఉప్పు బస్తాలు ఎత్తినదాన్ని. ఆయనెంత? మూడు జాడీలు చెయ్యరు."

"అందులో ఒకటి బెల్లం జాడీ," అన్న బాబాయిగారి గొంతు వెనకనుంచి వినిపించింది. తర్వాత దగ్గు.

"మరి తప్పయితే?" అన్నారు పిన్నిగారు. ఆ ప్రశ్న నాకే. "గోడలో ఏమీ లేకపోతే? సువర్చలా, నీకు ఖాయంగా తెలుసా?"

తెలుసని చెబితే అయిపోయేది. ఆవిడ వెంటనే పొయ్యి వెలిగించేవారు. నోటి దాకా వచ్చింది కూడా.

"తెలీదండి," అన్నాను. "అనుకుంటున్నాను. తప్పయితే నొక్కిన చెయ్యి నాదే. మీరు వంట చేసుకున్నారు, అంతే."

పలక ఆగిపోయింది. ఆవిడ అవతల పలక మీంచి చెయ్యి తీసేశారు.

మేమిద్దరం నిలబడే ఉన్నాం. తాయారు రెండు దుప్పట్లు తడిపి తెచ్చింది. గోధుమరంగు మచ్చ చుట్టూ సున్నం సన్నగా పొక్కింది. ఇంకోసారి పిలుద్దామా అంటే వద్దంది తాయారు. "ఆవిడను ఆలోచించుకోనీ అక్కా. మనకు లేనిది తీరుబాటు కాదుగా." అంటూనే గోడ వైపు చూసి మాట మింగేసింది.

నేను ఎంతసేపు ఆ పలకను చూశానో చెప్పలేను. బాబాయిగారిని గురించి ఆలోచించాను. ఇది ఉత్త గాలిగొట్టం వేడే అయితే మెట్ల మలుపులో ఆయన మొహం ఎలా ఉంటుందో ఆలోచించాను. ఇకపై ఈ ఇంటిని ఏమంటారో, నా పేరు ఎవరి నోట ఎలా పలుకుతుందో కూడా ఆలోచించాను. సిగ్గుచేటే, గోడ కాలుతుంటే పేరు గురించి ఆలోచించడం. అయినా ఆలోచించాను.

అప్పుడు గోడ అవతల కీచుమంది.

మా పలక వెలిగింది. *జత ఇంట్లో పొగ. ఇంటిపొగా? నిప్పా?* రెండు మీటలకూ వెలుగు వచ్చింది. నా చెయ్యి పచ్చదాని మీదికి పోయింది. ఇది నేను తప్పకుండా రాయాలి. అన్నేళ్ళ అలవాటు. పక్కింటి ముక్కు మోగింది, చెయ్యి దానంతటదే పచ్చదాని మీదికి వెళ్ళింది. మీట తగిలీ తగలకముందు ఆగింది.

"అక్కా!" అంది తాయారు.

ఆ క్షణంలో నాకు తెలిసిందేమిటి? గోడ వేడి. వాసన. మచ్చ. కరిగిన బెల్లం. వీటిలో ఒక్కోదానికీ ఇంకో కారణం చెప్పగలను. ఎవరైనా పిల్ల పరీక్షలో ఇవి రాసి నిప్పు ఉందని తేల్చితే సగం మార్కులే వేస్తాను. ఇంకొంచెం ఆగితే ఇంకొంచెం తెలిసేది. ఎదురుచూస్తే ఎప్పుడూ ఇంకొంచెం తెలుస్తుంది.

ఎర్రది నొక్కాను.

ఇంట్లో గడియలు ఒక్కొక్కటే పడే చప్పుడు విన్నాను గాని, అన్నీ ఒక్కసారి ఊడిన చప్పుడు ఎప్పుడూ వినలేదు. గుమ్మం తెరుచుకుంది. వేడి లోపలికి వచ్చింది, నీళ్ళు వచ్చినట్టు. తాయారు అప్పటికే పక్కింట్లో ఉంది. పొయ్యి మీద బాణలిలో మిరపకాయలు నల్లగా మాడుతున్నాయి. పిన్నిగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నారు, ఎవరో తీసుకెళ్ళేదాకా కదలనన్నట్టు. నేను పొయ్యి ఆర్పి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

వరండాలో ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తడిదుప్పట్లు కప్పుకుని బయటికి వచ్చారు.

"ఎవరు నొక్కారు? ఏ మహాతల్లి?" అంది చివరి ఇంటి అనసూయమ్మ. పసిబిడ్డ చంకలో ఏడుస్తోంది.

"నేనే," అన్నాను.

"పొగేదీ? ఏదీ పొగ? మిరపకాయల ఘాటు కదా ఇది! చదువుకున్నదానివి, మిరపకాయల ఘాటు తెలీదా?"

ఇంకా అనే ఓపిక ఎవరికీ లేదు. మెట్ల కమ్మీ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. తాయారు ముందు, వీపు మీద బాబాయిగారు, వెనక ఆయన పాదాలు పట్టుకుని నేను. ఆయన ప్రతి అంతస్తుకూ, "దించెయ్యమ్మా, కాస్త నడుస్తా," అంటున్నారు. "కదలకండి, జాడీ పగులుద్ది," అని తాయారు. ధర్మయ్యగారు కూలబడిన ఆ మలుపు దగ్గర పిన్నిగారు ఆగారు. తాయారు ఆగలేదు. అందుకని ఆవిడా ఆగలేకపోయారు.

నేలమాళిగ చేరేసరికి బాబాయిగారి పెదాలు తెల్లబడ్డాయి. తడిగుడ్డలు వేసి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగించాం. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "బెల్లం ఆవకాయ పైనే వదిలేశారా?" అన్నారు. తాయారు అప్పుడు ఏడ్చింది. అంతదాకా ఏడవలేదు.

సాయంత్రం నిప్పు ఆర్పేవాళ్ళలో ఒకతను కిందికి వచ్చాడు. మధ్యగోడలో పాత వైర్ల తొడుగులు చాలా రోజులుగా కమురుతూ వచ్చాయట. వాటి చుట్టూ చెక్క బొగ్గయి, లోపల ఎర్రగా కణకణలాడుతోందట. తలుపులు తెరిచి గాలి తగలగానే గోడ పగిలి మంట బయటికి వచ్చింది. మా హాలూ, పిన్నిగారి వంటిల్లూ మిగల్లేదు. పన్నెండు జాడీలూ పగిలిపోయాయి. మనుషులెవరూ లోపల లేరు.

ఆ తర్వాత మాటలు మారాయి. అనసూయమ్మ వచ్చి, "అందుకే చదువుకున్నవాళ్ళు పక్కన ఉండాలనేది. తనకి ముందే తెలిసిపోయింది," అంది అందరికీ వినిపించేలా. ఇలా ఇంకో పూట గడిస్తే నేనూ నమ్మేస్తానేమో. అందుకే ఈ రాత.

జనం పలచబడ్డాక పిన్నిగారు నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"ఆ మొదటి మధ్యాహ్నం మీ ముక్కు మోగింది చూడు," అన్నారు, "మీరు పడుకున్నప్పుడు. నాకూ ఏదో కమురు వాసన వచ్చిందమ్మా. నిజం చెబుతున్నాను. వచ్చింది. కానీ ఖాయంగా తెలీదు కదా అని పచ్చదే నొక్కాను."

"ఎవరైనా అదే చేస్తారండి."

"నువ్వు చెయ్యలేదుగా. నీకు తెలిసింది."

"లేదండి. నొక్కేటప్పుడు నాకూ తెలీదు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. వినయానికి అంటున్నానేమోనని చూశారు.

"తెలీకుండానే నొక్కావా?"

"తెలీకుండానే నొక్కానండి."

పిన్నిగారు తన కుడిచేతి బొటనవేలి వైపు చాలాసేపు చూసుకున్నారు.

"అలా కూడా నొక్కొచ్చని నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నారు.